తొమ్మిదవ లూయీ మహారాజు – పాదప్రక్షాళన ధర్మము

మన యిండ్లకు అతిథి వచ్చినప్పుడు ముందుగా కాళ్లు కడుగుకొనుటకు నీళ్లిచ్చుట మర్యాద. వివాహసమయమున కన్యాదాత వరుని పాదములు కడుగును. శిష్యుడు గురుపాదములను కడిగి యా జలమును శిరమున జల్లుకొనును. ఈ యాచారము లన్నిటియందు నొక క్రమము గలదు. కడుగువాడు తక్కువవాడు, కడిగించుకొనువాడు ఎక్కువవాడు, లేదా ఆ సమయమునకు ఎక్కువవానిగా నెంచబడినవాడు. ఈ క్రమమును తలక్రిందు చేసిన యాచార మొకటి క్రైస్తవులలో గలదు. అందు గురువు శిష్యుల పాదములను, మఠాధిపతి బాటసారుల పాదములను, రాజు భిక్షకుల పాదములను కడుగవలెను. ఈ యాచారమును ఏటి కొకనాటి వేడుకగా గాక, జీవితమున కంతటికి నియమముగా జేసికొన యత్నించిన యొక రాజు చరిత్రమును ఈ పుటలయందు చెప్పబూనితిమి. ఆయన పరాసు దేశమును 13వ శతాబ్దమున పాలించిన తొమ్మిదవ లూయీ.

ముందుగా ఆచారమూలమును తెలిసికొనుట యవసరము. పూర్వము పాలస్తీనా దేశమున జనులు తోలుచెప్పులతో దుమ్ముబాటల నడచుచుండిరి. ఇంటికి వచ్చినవారి కాళ్లు కడుగుట దాసులు చేయదగిన నీచకృత్య మని యెంచబడుచుండెను. యోహాను సువార్త పదమూడవ అధ్యాయమున జెప్పబడినదాని ప్రకారము, ఏసు తన మరణమునకు ముందటి రాత్రి భోజనపంక్తినుండి లేచి, పైవస్త్రమును దీసివైచి, తువాలును నడుమునకు గట్టుకొని, పళ్లెరమున నీళ్లు పోసి, శిష్యుల పాదములను గడిగి తుడిచెను. పేతురు మొదట నందుల కొప్పుకొనలేదు. కడుగనిచో తనతో పాలు లేదని గురువు చెప్పగా, అట్లయిన చేతులను తలనుగూడ కడుగుమని వేడెను. స్నానము చేసినవానికి పాదములు మాత్రము కడిగిన చాలునని గురువు బదులు చెప్పెను. పిమ్మట ఆయన మరల గూర్చుండి, గురువును ప్రభువును నైన తానే వారి పాదములు కడిగినప్పుడు వారును ఒకరి పాదము లొకరు కడుగవలసి యున్నదని యుపదేశించెను. మిగిలిన మూడు సువార్తలలో నీ వృత్తాంతము కానరాదు.

ఈ కథయందు రెండర్థములు పెనవేసికొని యున్నవి. పేతురుతో జరిగిన సంభాషణమును బట్టి చూచిన, నీరు పాపశుద్ధికి గురుతు. చివరి యుపదేశమును బట్టి చూచిన, అది సేవకు గురుతు. క్రైస్తవసంఘములు ఒక్కొక్కచో నొక్కొక్క యర్థమును బట్టుకొన్నవి. నాలుగవ శతాబ్దమున మిలాను నగరమున బిషప్పైన అంబ్రోజు కాలమున, జ్ఞానస్నానము పొందినవారి పాదములను కడుగు నాచార ముండెను. రోమాసంఘమున నది లేకుండెను. ఆరవ శతాబ్దమున బెనెడిక్టు ముని తన మఠములకు వ్రాసిన నియమావళియందు, మఠమునకు వచ్చిన అతిథుల పాదములను మఠాధిపతియు సోదరులెల్లరును కడుగవలె ననియు, వారమువారము వంటపని చేయువారు తమ వంతు ముగియునప్పుడు సోదరులందరి పాదములు కడుగవలె ననియు విధించెను. 694వ సంవత్సరమున స్పెయిను దేశపు టోలిడో నగరమున గూడిన సభ, పవిత్ర గురువారమునాడు ఈ కృత్యము తప్పక జరుపవలసిన దని శాసించెను. లాటిను భాషలో ఆజ్ఞకు మాండాటమని పేరు. ఆనాటి గురూపదేశమునుబట్టి యీ కర్మకును ఆ పేరే వచ్చెను. ఆంగ్లేయులు ఆ గురువారమును మాండీ గురువార మనుట దీనివలననే.

ఆజ్ఞ శాసనమైన పిమ్మట ఆచారమగును. ఆచారము ముదిరినకొలది వేడుక యగును. అప్పుడు పళ్లెరము బంగారముదై, ముందుగానే కడిగి పరిమళము పూసిన కాళ్లే దానిలోనికి వచ్చును. అందుచేత ఈ కర్మయొక్క అర్థమును వ్యాఖ్యానగ్రంథములలో వెదకుటకంటె, దానిని చేసినవాని తక్కిన దినములలో వెదకుట మేలు. లూయీ చరిత్రము అట్టి పరీక్షకు దగినది.

లూయీ 1214వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన పారిస్ నగరమునకు సమీపమున నున్న ప్వాసీ గ్రామమున జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయమున, 1226లో, తండ్రి యెనిమిదవ లూయీ గతింపగా ఆయన రాజయ్యెను. స్పెయిను దేశపు కాస్టీలు రాజపుత్రికయైన తల్లి బ్లాంష్ రాజ్యభారమును వహించి, తిరుగబడిన సామంతుల నణచి, కుమారుని కట్టుదిట్టమైన భక్తిశిక్షణమున బెంచెను. 1234లో ఆయన ప్రావెన్సు దేశాధిపతి కుమార్తెయైన మార్గరెట్టును బెండ్లాడెను. వారికి పదునొకండుగురు బిడ్డలు కలిగిరి.

ఆయన దినచర్యను ఆయన నెరిగినవారే వ్రాసియుంచిరి. వారిలో నొకడు ఆయన పాపనివేదనమును విను గురువైన జాఫ్రే. మరియొకడు షాంపేను దేశపు సామంతుడు, ఆయన మిత్రుడు నగు జ్వాన్‌వీల్. ప్రతిదినమును నూటికి పైబడిన పేదలు రాజగృహమున భుజించుచుండిరి. ఒక్కొక్కప్పుడు రాజే వారికి వడ్డించుచుండెను. ప్రతి శనివారమును ఆయన ఒక రహస్యమైన గదిలో మోకాళ్లపై గూర్చుండి కొందరు పేదల పాదములను గడిగి, తుడిచి, ముద్దిడుకొని, చేతులకు నీళ్లు పోసి, ఒక్కొక్కనికి కొంత ద్రవ్యము నొసగి పంపుచుండెను. పవిత్ర గురువారమునాడు చేయుట రాజులకు వాడుకయే. ప్రతివారము, తలుపులు మూసికొని, చూచువారు లేకుండ చేయుట వాడుక కాదు.

ఈ సందర్భమున జ్వాన్‌వీల్ తన్ను గురించియే వ్రాసికొన్న కథ యొకటి గలదు. పవిత్ర గురువారమున పేదల పాదములు కడుగుచున్నావా యని రాజు ఆయన నడిగెను. ఆ మోటువాండ్ర కాళ్లు తా నెన్నటికిని కడుగనని జ్వాన్‌వీల్ నిర్మొగమాటముగా బదులు చెప్పెను. రాజు కోపింపలేదు. ఆ మాట బాగుండలేదనియు, మనకు నేర్పుటకై దేవుడే చేసినపనిని మన మసహ్యించుకొనరాదనియు, దేవునియందలి ప్రేమచేతను తనయందలి ప్రేమచేతను ఆ యలవాటును చేసికొనుమనియు ఆయన నర్థించెను. జ్వాన్‌వీల్ పిమ్మట కడిగెనో లేదో ఆయన వ్రాయలేదు. తనకు గౌరవము తేని యీ సంభాషణమును వృద్ధాప్యమున, 1309లో ముగించిన గ్రంథమున, దాచక వ్రాసియుంచుటయే ఆయన పశ్చాత్తాపమని మనము తలంపవచ్చును.

రాజునకును ఈ విషయమున సంకోచము లేకపోలేదు. ఒకప్పు డాయన క్లెయిర్వో మఠమునకు బోయియుండెను. అచ్చటి సన్న్యాసులు శనివారమునాడు ఒకరి పాదము లొకరు కడుగుచుండిరి. తానును ఉత్తరీయమును దీసివైచి వారి పాదములు కడుగవలెనని ఆయన కుతూహలపడెను. కాని తన కంతగా పరిచితులు కాని కొందరు ప్రభువులు దాపున నుండిరి. వారి యెదుట నట్లు చేయుట తగదని కొందరు చెప్పగా ఆయన మానుకొనెను. ఈ చిన్న సంగతి ఆయన హృదయమును మనకు దెలుపుచున్నది. ఆయనకు పేదయెదుట వంగుట కష్టము కాదు. తనతోటివారు చూచుచుండగా వంగుటయే కష్టము. అందరు మనుష్యులకును ఇంతే.

రాయోమాన్ అను మఠమును లూయీయే కట్టించెను. ఆ మఠమున కుష్ఠువ్యాధిచే కండ్లును ముక్కును పోగొట్టుకొన్న లెజే యను సన్న్యాసి వేరొక గదిలో నుంచబడెను. రాజు అచ్చటికి బోయినప్పుడెల్ల ఆతనియొద్ద మోకరించి, మాంసమును చిన్న ముక్కలుగా గోసి తన చేతితో ఆతని నోట బెట్టుచుండెనట. మఠాధిపతికి సయితము అచ్చట నిలుచుట దుస్సహముగా నుండెనని వ్రాసినారు.

1244లో లూయీ మరణాసన్నుడై, బ్రతికినచో యెరూషలేమును విడిపింప దండెత్తుదునని ప్రతిజ్ఞచేసెను. 1248లో ఓడలెక్కి, మరుసటియేట ఈజిప్టున దమియెట్టా పట్టణమును గైకొనెను. 1250 ఫిబ్రవరిలో మన్సూరా యుద్ధమున తమ్ముడు రాబర్టు హతుడయ్యెను. సైన్యము రోగములచే నశించెను. ఏప్రిలులో రాజే శత్రువులకు జిక్కెను. విడుదలకై నాలుగు లక్షల లివ్రుల ధనము నిర్ణయింపబడి, అందు సగము వెంటనే చెల్లింపవలసివచ్చెను. ఆ ధనమును తూచుచుండగా, ఒక తూనికలో మహమ్మదీయులను పదివేల లివ్రుల మేరకు మోసగించితిమని ఒక పరివారకుడు గొప్పగా చెప్పుకొనెను. రాజు మండిపడి, మాట యిచ్చినప్రకారము పూర్తిగా చెల్లింపనిదే తా నచ్చటనుండి కదలనని పట్టుపట్టెను. తన్ను బంధించినవారికి సయితము తూకము తప్పనీయని ఈ నిష్ఠ న్యాయస్థానములతో పరిచయము గల చదువరులకు మిక్కిలి రుచించును.

పిమ్మట నాలుగేండ్లు ఆయన సిరియా తీరమున నిలిచి కోటలను బాగుచేయించెను. సైదా పట్టణమున శత్రువులచే జంపబడి కుళ్లుచున్న శవములను పూడ్చునప్పుడు, తక్కినవారు ముక్కులు మూసికొనుచుండగా ఆయన తన చేతులతో నెత్తి మోసెనని జ్వాన్‌వీల్ వ్రాసియున్నాడు. 1252లో తల్లి మరణింపగా, ఆ వార్త విని, 1254లో స్వదేశమునకు మరలెను. ఓటమితో తిరిగివచ్చిన రాజులు సాధారణముగా నింద మోపుటకు ఇతరులను వెదకుదురు. లూయీ తన పాపములే కారణమని తలంచి, తన పాలనమునే విచారణకు బెట్టెను.

ఆయన జీవితమున మనకు ముఖ్యమైన భాగ మిచ్చట ప్రారంభమగుచున్నది. దండయాత్రకు బోవుటకు ముందే, 1247లో, ఆయన భిక్షుసంఘముల సన్న్యాసులు మొదలగువారిని విచారణకర్తలుగా దేశమంతట బంపి, రాజోద్యోగులవలన నన్యాయము పొందినవారి ఫిర్యాదులను వ్రాయించి, అన్యాయముగా గైకొన్నదానిని మరల నిప్పింప బ్రయత్నించెను. 1254 డిసెంబరులో వెలువడిన శాసనము ఆ పనికి స్థిరత్వ మిచ్చెను. ఉద్యోగులు బహుమానములు పుచ్చుకొనరాదు. తాము పాలించు సీమలో భూములు కొనరాదు. అచ్చటివారితో తమ బిడ్డలకు వివాహములు చేయరాదు. ఉద్యోగము ముగిసిన వెనుకను కొంతకాలము అచ్చటనే యుండి తమపై వచ్చు ఫిర్యాదులకు సమాధానము చెప్పవలెను. 1260 ప్రాంతమున ఆయన తన స్వంతరాజ్యభాగమున ద్వంద్వయుద్ధముచే వ్యాజ్యములను తీర్చు పద్ధతిని నిషేధించి, సాక్ష్యవిచారణను బెట్టెను. బలవంతుడే సత్యవంతు డను న్యాయ మంతటితో అచ్చట రద్దయ్యెను. వేసవిలో ఆయన వాంసెన్ వనమున నొక సింధూరవృక్షమునకు జేరగిలి కూర్చుండి, బంట్ల యడ్డు లేకుండ వచ్చినవారి వ్యాజ్యములను వినుచుండెను.

రెండు వ్యాజ్యములను చెప్పిన చాలును. అంగెరా ద కూసీ యను మహాసామంతుని యడవిలోనికి, భాష నేర్చుకొనుటకు వచ్చిన ముగ్గురు ఫ్లాండర్సు బాలురు వేటాడుచు తెలియక ప్రవేశించిరి. ఆతడు విచారణయే లేకుండ వారిని ఉరితీయించెను. లూయీ ఆతనిని సామాన్యనేరస్థునివలె బట్టించి లూవ్రు కోటలో బంధించెను. ద్వంద్వయుద్ధమున తన నిర్దోషిత్వమును నిరూపించుకొందునని ఆతడు కోరెను. పేదలు, నిస్సహాయులు వాదులైనచోట ఆ పద్ధతి చెల్లదని రాజు నిరాకరించెను. సామంతులందరు నేకమై ప్రాధేయపడగా ప్రాణము మాత్రము విడిచి, గొప్ప యపరాధమును విధించి, మృతుల యాత్మశాంతికై ప్రార్థనామందిరముల గట్టించునట్లు చేసెను. రెండవది: ఆయన తమ్ముడు చార్లెస్ యొక్క న్యాయస్థానమున నొక చిన్న సామంతు డోడిపోయి, రాజునకు బునర్విచారణకై చెప్పుకొనినందుకు చార్లెస్ ఆతనిని ఖైదు చేయించెను. రాజు ఆతనిని విడిపించెను. అయినను రాజసోదరునిపై వాదించుటకు న్యాయవాది యొక్కడును ముందుకు రాలేదు. అప్పుడు రాజే న్యాయవాదులను నియమించి, నమ్మకముగా పనిచేయుదుమని వారిచే ప్రమాణము చేయించెను. తమ్ము డోడిపోయెను. శనివారమున గదిలో వంగిన మోకాలు న్యాయపీఠమునకు వచ్చిన పిమ్మటను నిటారు కాలేదని ఈ తీర్పులు చెప్పుచున్నవి.

1259లో ఆంగ్లరాజగు మూడవ హెన్రీతో సంధి చేసికొనుచు, తన మంత్రులు వలదన్నను, గెలిచిన సీమలలో గొన్నిటిని ఆయన కిచ్చివైచెను. ఆ యిద్దరు రాజుల భార్యలు అక్కచెల్లెండ్రు. వారి బిడ్డలనడుమ ప్రేమ నిలుచుట సీమలకంటె మేలని ఆయన భావము. 1260 ప్రాంతమున మూడువందలమంది గ్రుడ్డివారికి పారిస్‌లో నిలయము కట్టించెను. కాంజ్ వాం, అనగా పదునైదు ఇరువదులు, అను పేరుతో అది నేత్రవైద్యశాలగా నేటికిని నిలిచియున్నది.

ఇంతవరకు చెప్పి విరమించినచో న్యాయము కాదు. గుణములను మాత్రమే యెన్ని దోషములను దాచు చరిత్రము స్తోత్రపాఠ మగును గాని చరిత్రము కానేరదు. ఈ రాజు పాలనముననే, 1240లో యూదుల తాల్ముదు గ్రంథములపై పారిస్‌లో విచారణ జరిగి, కొలది సంవత్సరములకు బండ్లకొలది వ్రాతప్రతులు బహిరంగముగా దహింపబడినవి. 1269లో యూదులు వస్త్రములపై గుండ్రని గుడ్డముక్కను గురుతుగా ధరింపవలెనని ఆయన శాసించెను. దైవదూషణ చేసిన యొక పురవాసికి ముక్కును పెదవియు గాల్పించెను. ముండ్లకిరీట మని చెప్పబడిన యొక యవశేషమును అపారధనము వెచ్చించి తెప్పించి, 1248లో ప్రతిష్ఠింపబడిన మందిరమును దానికై కట్టించెను. అన్యమతస్థులపై కత్తి యెత్తుట పుణ్యమని కడవరకు నమ్మెను.

కుష్ఠురోగి నోట నన్నము పెట్టిన చేయియే యూదుని వక్షమున అవమానచిహ్నమును గుట్టించెను. దీని కేమి సమాధానము? కాలధర్మమని కొంద రందురు. కొంతవరకది నిజమే. కాని జ్వాన్‌వీల్ మోటువాండ్ర నసహ్యించుకొనుటయు కాలధర్మమే. లూయీ దాని నంగీకరింపలేదు గదా. పేదవానియందు దేవుని చూడగలిగిన కన్ను పరమతస్థునియందు చూడలేకపోయెను. ఏసు ఆ రాత్రి పాదములు కడిగిన పండ్రెండుగురును యూదులే. కడిగిన ఆయనయు యూదుడే. ఏ జాతివారి పాదములవలన ఆ ధర్మము పుట్టెనో ఆ జాతివారికే అది నిరాకరింపబడుట ఈ చరిత్రమందలి దుఃఖకరమైన భాగము. తనవారని తలచినవారి యెదుట వంగుట వినయమునకు మొదటిమెట్టు మాత్రమే.

1270లో లూయీ మరల దండెత్తి ట్యూనిస్ తీరమున దిగెను. మండువేసవిలో విడిదియందు రోగములు ప్రబలినవి. కుమారు డొకడు మృతుడయ్యెను. రాజును మంచముపట్టెను. జీవించియున్న పుత్రులలో జ్యేష్ఠుడైన ఫిలిప్పునకు ఆయన విడిచిన హితోపదేశమున, ధనికునకును పేదకును వివాదము వచ్చినప్పుడు నిజము తేలువరకు పేదపక్షముననే యుండుమనియు, తనపైననే యెవడైన వ్యాజ్యము తెచ్చినచో నిజము తెలియువరకు ఆ యెదిరికక్షివైపే మొగ్గుమనియు బోధించెను. ఆగష్టు 25వ తేదీన, తన కోరికప్రకారము బూడిద జల్లిన పడకపై బరుండి, ఏబదియాఱవ యేట ప్రాణములు విడిచెను. 1297లో ఎనిమిదవ బోనిఫేసు పోపు ఆయనను పరిశుద్ధునిగా బ్రకటించెను.

ఆయన వెనుకను ఆచారము నడచుచునే యున్నది. ఇంగ్లండు రాజులును పేదల పాదములు కడుగుచుండిరి. 17వ శతాబ్దము తరువాత కడుగుట నిలిచి, నాణెముల దానము మాత్రము మిగిలినది. ప్రొటెస్టెంటులలో మెన్నోనైటులు 1632 నాటి డార్డ్రెక్టు విశ్వాసప్రకటనమున దీనిని విధిగా జేర్చిరి. వారిలో ననేకులు రాజు, భిక్షకుడు అను భేదము లేక ఒకరి పాదము లొకరు కడుగుకొందురు. రోమాసంఘమున కడిగించుకొనువారు చిరకాలము పురుషులే. 2013లో పోపు ఫ్రాన్సిస్ రోమునగరపు బాలనేరస్థుల బందిఖానాకు బోయి, స్త్రీల పాదములను, ఒక మహమ్మదీయబాలిక పాదములనుగూడ కడిగి ముద్దిడెను. 2016లో స్త్రీలకును ఈ కర్మయందు స్థానమును గల్పించుచు శాసనము వెలువడినది. లూయీ చేయజాలక విడిచిన మెట్టును ఆయన సంఘమే ఏడున్నర శతాబ్దములకు ఎక్కినదన్నమాట.

చదువరులారా, ఈ చరిత్రమువలన తేలునదేమి? పళ్లెరమున నున్న నీరు ఎవరి పాపమును కడుగునో వేదాంతులు నిర్ణయింతురు గాక. కడిగినవాని చేయి పిమ్మట ఏ కాగితముపై సంతకము చేయును, ఏ వ్యాజ్యమున ఏ పక్షమును బట్టును, ఎవరి గడప యెదుట ఆగిపోవును అనునవే ఆ కర్మకు సాక్ష్యములు. లూయీ విషయమున సాక్ష్యము రెండువైపులను గలదు. ఆయన వ్యాజ్యమున తీర్పు చెప్పునపుడు, ఆయన కుమారునకు చెప్పిన సూత్రమునే యనుసరించి, కడుగబడని పాదముల పక్షమున మన మొకింత మొగ్గియుండుట న్యాయము.